మంచు మీది పిల్లగాడు

"మా అవ్వ చెప్పింది నిజమేనా?"

మా ఆయన దుబాయ్ నుంచి నన్నడిగిన మాట ఇది. అడిగింది టేపులో. ముందుగదిలో స్టూలు మీద టేప్‌రికార్డర్ పెట్టి, దాని చుట్టూ మా అత్త లసుమవ్వ, మరిది తుకారాం, ఆ టేపును సూట్‌కేసులో మోసుకొచ్చిన ధర్మయ్య, ఆరో తరగతి చదువుతున్న మా బిడ్డ సరిత కూర్చుని వింటున్నారు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ధర్మయ్య చాయ తాగాక గ్లాసు తీసుకుపోవాలి కదా, అందుకని.

అప్పట్లో ఆర్మూర్‌లో దుబాయ్ పోయినవాళ్ళ ఇళ్ళన్నిటిలో ఇదే పద్ధతి. ఉత్తరం రాస్తే మా అత్తకు ఎవరో ఒకరు చదివిపెట్టాలి. టేపు అయితే ఒక్కసారి తిప్పితే ఇంటిల్లిపాదీ వింటారు. ఆ ఇంటిల్లిపాదీ వినడమే నా పాలిటి శని. పెళ్ళయి పద్నాలుగేళ్ళు, అందులో తొమ్మిదేళ్ళు ఆయన అక్కడే. ఇన్నేళ్ళ టేపుల్లో నా ఒక్కదాని కోసమని చెప్పిన మాట ఒక్కటి లేదు. ముందు వాళ్ళ అవ్వ, తర్వాత తమ్ముడు, తర్వాత పసుపు, మోటరు, బిడ్డ చదువు, బర్రె, ఆఖరికి నేను. బర్రె ఈనిందా అని అడిగాక "ఇగ సరితోళ్ళమ్మకు చెప్పేదేందంటే" అంటాడు. నా పేరు నీలవ్వ అని ఆయనకు గుర్తుందో లేదో నాకు అనుమానమే.

ఈసారి కూడా బర్రె తర్వాతే వచ్చాను.

"ఇగ సరితోళ్ళమ్మకు చెప్పేదేందంటే... మా అవ్వ చెప్పింది నిజమేనా? ఎవలో మొగోళ్ళు బిగ్గ బట్టలేసుకోని మంచుల ఎగురుతుంటే నోరు తెరుసుకోని చూస్తున్నవంట. ఇంట్ల పసుపు కుప్పలు పడి ఉంటే గదేం చూసుడు? నేను టీవీ తెచ్చింది గందుకా? దానికి తాళమేసి చెవి అవ్వ దగ్గర పెట్టుండ్రి. ధర్మన్న పది రోజులల్ల మల్ల ఇక్కడికొస్తడు. గప్పటిలోపట జవాబు నింపి పంపు. నిజమా, కాదా. గంతే."

తర్వాత టేపు కాసేపు ఉత్తగా సుయ్యిమని తిరిగింది. ధర్మయ్య చాయ గ్లాసులోకి చూస్తున్నాడు. తుకారాం మీసాల కింద నవ్వుకుంటున్నాడు. అత్త కొంగు సర్దుకుంది. సరిత నా ముఖం కేసి చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పదకొండేళ్ళ పిల్ల, దాని ముందు అడిగాడు. గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోయి, కడిగిన గ్లాసునే మూడుసార్లు కడిగాను.

అసలు సంగతి చెబుతాను. క్రితంసారి సెలవుకొచ్చినప్పుడు మా ఆయన రంగుల టీవీ తెచ్చాడు. దానికి వడ్లాయనతో తలుపులూ తాళమూ ఉన్న చెక్క పెట్టె చేయించాడు. కేబుల్ తీగ మా వీధికి మొన్న దసరాకే వచ్చింది, తుకారాం క్రికెట్ కోసం పెట్టించుకున్నాడు. టీవీ తుడవడం నా పని. చూడడం అందరి పనీ అయ్యాక ఏమైనా మిగిలితే నా పని.

పసుపు తవ్వకాలు మొదలైన రోజులు. ఒక మధ్యాహ్నం అందరి అన్నాలూ అయ్యాక చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాను. తుకారాం క్రికెట్ అయిపోగానే టీవీ అట్లాగే వదిలేసి లేచిపోయాడు. వాడు తిన్న కంచం తీయడం, విప్పిన అంగీ ఉతకడం, పెట్టిన టీవీ ఆపడం, అన్నీ నా ఖాతాలోవే. ఆపుదామని లేచాను. చేతికి చింతపండు జిగురు, కొంగుతో మీట నొక్కబోతున్నాను. తెరంతా తెల్లగా ఉంది. సున్నం పూసిన కల్లమేమో అనుకున్నాను. అది మంచు అని, కాళ్ళకు కత్తులున్న బూట్లు వేసుకుని దాని మీద జారతారని సరిత తర్వాత చెప్పింది. ఇరవై దాటినట్టున్న ఒక పిల్లగాడు నీలం చొక్కా వేసుకుని ఒక్కడే మధ్యకు వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. పాట మొదలైంది. వాడు చెయ్యి లేపాడు. అంతే, నేను టీవీ ఆపలేదు.

ఎందుకు ఆపలేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మా ఇంట్లో మగవాళ్ళ ఒంట్లో బలం ఎప్పుడూ చప్పుడు చేస్తూ తిరుగుతుంది. తలుపు తోస్తే గోడకు కొట్టుకోవాలి, కుర్చీ లాగితే కీచుమనాలి, పిలిస్తే వీధి చివరికి వినపడాలి. ఈ పిల్లగాడికి వాళ్ళకన్నా రెండింతల బలం ఉంది, అయినా చప్పుడు లేదు. అంత ఎత్తు లేచి, గాల్లో మూడు చుట్లు తిరిగి, ఒంటికాలి మీద దిగి, దిగినట్టే తెలియకుండా వెనక్కి జారిపోతున్నాడు. నేను చింతపండు చేతులతో అట్లాగే నిలబడిపోయాను. ఈగలు ముసిరినా తోలుకోలేదు.

మరుసటి రోజు అదే వేళకు మళ్ళీ పెట్టాను. మూడో రోజూ అంతే. ఆ ఇంగ్లీషు ముచ్చట నాకు అర్థం కాదు కాబట్టి ఆ ఎగురుళ్ళకు నేనే పేర్లు పెట్టుకున్నాను. ఒంటికాలి మీద గిరగిరా తిరిగేది కవ్వం. వెనక్కి జారుతూ వచ్చి లేచేది మూడుచుట్లది. అన్నీ వెనక్కి తిరిగి ఎగురుతారు గానీ, ఒక్కటి మాత్రం ముందుకు చూస్తూ, ఎక్కడికి పోతున్నారో కళ్ళారా చూస్తూ ఎగురుతారు. దానికి నేను గుండెగుభేలు అని పేరు పెట్టాను. నీలంచొక్కా పిల్లగాడు దానికి తయారవుతుంటే నా చేతిలో చింతపండు పిప్పి పిప్పి అయ్యేది. మనసులో 'జర పైలం నాయనా, పైలం' అనుకునేదాన్ని.

నన్ను ఇంకా పిచ్చిదాన్ని చేసింది మార్కులు. ఒకరి తర్వాత ఒకరు ఆడాక తొమ్మిది మంది పెద్దమనుషులు ఆరుకు ఇన్ని అని మార్కులిస్తారు. అయిదు పాయింటు ఏడు, అయిదు పాయింటు ఎనిమిది. కాలు ఎక్కడ వణికిందో, చెయ్యి ఎక్కడ సోలిందో చూసి ఆ పాయింటు తీసేస్తారు. ఒక మనిషి చేసిన పనిని తొమ్మిది మంది అంత శ్రద్ధగా చూస్తారా! నేను పొద్దున్నుంచి ఎనిమిది మంది కూలీలకు జొన్నరొట్టెలు చేస్తే ఎవరైనా చూశారా? పదమూడో రొట్టె అంచు చిట్లకుండా వచ్చిందని ఎవరైనా అన్నారా? ఆ రోజు నుంచి నేనే మార్కులు వెయ్యడం మొదలుపెట్టాను. నా రొట్టెకు అయిదు పాయింటు తొమ్మిది. తుకారాం కంచంలో చెయ్యి కడిగినందుకు సున్నా. మా అత్త "మీ తల్లిగారింట గిట్లనే చేస్తరా?" అన్నదానికి, పాత మాటే కదా, మూడుకు మించి ఇవ్వలేదు.

నాలుగో రోజు ఆఖరి పోటీ. మా పిల్లగాడు, అప్పటికే మా పిల్లగాడు అనుకుంటున్నాను, గుండెగుభేలు దగ్గర పడ్డాడు. తుంటి నేలకు తగిలి, దొర్లుకుంటూ పోయి చెక్క గోడకు కొట్టుకున్నాడు. నేను "అయ్యో నా తల్లీ" అని బయటికే అరిచాను. పాట ఆగలేదు. వాడు లేచి, మిగిలిన పాటను పట్టుకుని, ఆఖరు వరకూ ఆడాడు. తర్వాత బెంచీ మీద కూర్చుని, పక్కన ఉన్నిసంచిలాంటి కోటు వేసుకున్న ముసలమ్మ వీపు నిమురుతుంటే, నలుగురూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె వాళ్ళమ్మ అనుకున్నాను, నేర్పించే పంతులమ్మట. ఎవరూ ఆడదానిలా ఏడుస్తున్నావని అనలేదు. ఆమె వాడి చెవిలో ఏదో చెప్పింది. పడ్డవాడికి ముందు ఏం చెబుతారు? నాకు తెలుసుకోవాలనిపించింది. ఎందుకంటే, సరిత తర్వాత రెండోసారి అయిదో నెలలో ఉండగా నేను నీళ్ళ బిందెతో వాకిట్లో జారిపడితే మా అత్త లోపల్నుంచి అడిగిన మొదటి మాట నాకు ఇంకా చెవుల్లో ఉంది. "బిందె సొట్టపోయిందా?" అంది. ఆ కడుపు నిలవలేదు. బిందెకు సొట్ట కూడా పడలేదు.

నేను కొంగుతో కళ్ళు తుడుచుకుంటుండగా అత్త గుమ్మంలో ప్రత్యక్షమైంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో.

"ఏందే గది? పరాయి మొగోడు పడితే ఏడుస్తున్నవా? ఎవడే వాడు, నీ అన్ననా, తమ్ముడా? సిగ్గు లేకుండ బిగ్గ లాగులేసుకోని పిర్రలు తిప్పుకుంట తిరుగుతుండు, గా ఆడంగోన్ని చూసుకుంట ఇంట్ల ఆడది కన్నీళ్ళు పెడుతదా? రానీ, నా కొడుకుకు చెప్త."

చెప్పింది. ఆ వారమే ఎవరో పోతుంటే టేపు నింపి పంపింది. దాని జవాబే ధర్మయ్య సూట్‌కేసులో వచ్చింది.

టీవీ పెట్టెకు తాళం పడింది. తాళంచెవి అత్త నడుము దగ్గర సంచిలోకి, ముక్కుపొడి డబ్బా పక్కకు చేరింది. ఇక పది రోజులు నాకు కుదురు లేదు. చీపురు పట్టుకుంటే వాకిలి సగంలో ఆగిపోయేదాన్ని. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేదాన్ని, లేకపోతే మొత్తానికే మరిచిపోయేదాన్ని. నిజమా, కాదా. కాదు అనడానికి ఎంతసేపు? ఎర్ర బటను నొక్కి "నేను మంచిగున్న, సరిత మంచిగుంది, నీ పానం పైలం, అత్త చెప్పింది నిజం కాదు" అంటే సరిపోతుంది. ఇన్నేళ్ళూ నా వంతు వచ్చినప్పుడు చెప్పింది అదే కదా. పక్కన అత్త కూర్చుని నా నోటికేసి చూస్తుంటే, "నేను మంచిగున్న" అనేదాన్ని. జ్వరంలో కూడా అదే, ఆ కడుపు పోయిన నెలలో కూడా అదే.

అందరూ నా మీద దయతోనే ఉన్నారు. తుకారాం బూట్లు తొడుక్కుంటూ అన్నాడు, "లేదని చెప్పు వదినె, అయిపాయె. అన్నకు గదే కావాలె." ధర్మయ్య ఏర్గట్లలో వాళ్ళ అక్క ఇంటికి పోతూ మా ఇంటి ముందు ఆగి, "చెల్లె, ఆడ రూముల ఎనిమిది మందిమి ఉంటం. టేపు పెడితే అందరం ఇంటం. జర ఇజ్జత్ చూసుకోని మాట్లాడు" అని చెప్పిపోయాడు. మా పసుపు పనికి వచ్చే ఆశమ్మ కూడా, పిల్లగాడు గుండెగుభేలు దగ్గర పడ్డ సంగతంతా నేను చెబితే విని, పొడుగాటి కొమ్ములూ గుండ్రటి మండలూ వేరుచేస్తూ, గొంతు తగ్గించి అంది. "కాదని చెప్పరాదు నీలక్కా. అబద్ధానికి పైసలు పడుతయా? నేను మా ఆయనకు దినాం నాలుగు చెప్త."

వాళ్ళు చెప్పింది సబబే. కానీ నాలో ఏదో మొండికేసింది. అత్త చెప్పింది పూర్తి అబద్ధమా? నన్ను నేను నిలదీసుకున్నాను. చూశాను. ఆ పిల్లగాడి వీపు చూశాను, మెడ చూశాను, చెయ్యి ముందుకు చాపినప్పుడు మణికట్టు చూశాను. నాకు బాగుంది. సిగ్గుపడాల్సిందేమీ దొరకలేదు. వాడు నన్ను నీళ్ళు తెమ్మనలేదు, అన్నం వేడిగా లేదనలేదు. వాడికి నేనున్నానని కూడా తెలియదు. వాడు ఆడుతున్నంతసేపు నేను ఎవరి కోడలినీ కాను, ఎవరి తల్లినీ కాను. ఉత్త కళ్ళను. ఆ హాయి నాకు ముప్పై ఒక్క ఏళ్ళకు మొదటిసారి తెలిసింది, దాన్ని కాదనమంటున్నారు. ఒక మధ్యాహ్నం పడుకుని మా ఆయన ముఖం గుర్తు తెచ్చుకోవాలని చూశాను. గొంతు వచ్చింది గానీ ముఖం రాలేదు. లేచి కూర్చుని చాలాసేపు భయపడ్డాను.

ఇంతలో ఇంకో సంగతి. అప్పటి పోటీ అయిపోయిన రోజు తెర మీద ఏవో అక్షరాలు పడితే సరితతో చదివించాను. అదే ఆటగాళ్ళతో ఇంకో దేశంలో మళ్ళీ పోటీ ఉందట, మార్చి ఇరవై ఆరు శనివారం రెండు గంటలకు. వంటింటి క్యాలెండర్ మీద పాలు పోయని రోజులకు పెట్టే చుక్కల మధ్య ఒక సున్నా చుట్టాను. ఆ తారీఖు ధర్మయ్య పోవడానికి రెండు రోజుల ముందు. పడ్డ పిల్లగాడు మళ్ళీ వస్తాడా? వస్తే గుండెగుభేలు ఎగురుతాడా, మానుకుంటాడా? నాకు అది చూసి తీరాలి. చూడకుండా ఏ జవాబూ చెప్పలేననిపించింది.

ఆ శనివారమే పసుపు ఉడకబెట్టడం పెట్టారు. ఇంటి వెనక కల్లంలో పెద్ద ఇనుప కడాయి, కింద మంట, పైన తడి గోనెలు. పసుపు ఉడికిందో లేదో వాసన పట్టి చెప్పడం మా ఇంట్లో నాకే తెలుసు. ఒకప్పుడు అత్తే చూసేది. ముక్కుపొడి పీల్చి పీల్చి ఆమెకు వాసన పోయింది. పచ్చివాసన పోయి, ముక్కుపుటాలకు తియ్యటి ఘాటు తగిలే సమయం ఒకటుంటుంది, కాసేపే. దానికి ముందు దింపితే కొమ్ము లోపల పచ్చిగా మిగిలి, ఎండాక పుటుక్కున విరుగుతుంది. దాటితే రంగు చచ్చిపోతుంది. పోయినేడు నాకు జ్వరమొస్తే ఒక కడాయి తుకారాం దింపాడు. ఆ పసుపును మార్కెట్లో చూసినవాళ్ళు చూసినట్టే వదిలేసి పోయారు. "మా వదినె గదే రోజు జరం తెచ్చుకున్నది" అని ఊరంతా చెప్పుకున్నాడు. మంచిగా ఉడికిన పసుపు మాత్రం ఊళ్ళో ఎప్పుడూ మా ఆయన పేరు మీదే, రాజేశ్వర్ వాళ్ళ పసుపే.

మొదటి కడాయి దింపించాను. రెండోది ఎక్కింది. గోడ గడియారం రెండుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. నేను చేతులు కడుక్కుని వచ్చి, కల్లం అంచున గోనె పరుచుకుని కూర్చున్నాను.

"వదినె, చూడు జర, నురుగొస్తుంది" అన్నాడు తుకారాం.

"అత్త దగ్గర తాళంచెవి ఉన్నది. గది ఇస్తే చూస్త."

ముందు వాడికి అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు. "పరాచికాలా? లెవ్, లెవ్."

నేను లేవలేదు. వాడు చీపురు పుల్ల విరిచి కొమ్ములో గుచ్చాడు. పుల్ల దిగినట్టుంది, దిగనట్టుంది. వాడికి చెమటలు పడుతున్నాయి. "అవ్వా! గీమె చూడనంటుంది" అని అరిచాడు. అత్త పరుగున వచ్చింది. వంగి ఆవిరి పీల్చింది, ఏమీ తెలియలేదు. మళ్ళీ పీల్చింది.

"ఏమైందే నీకు? ఏడాది పంట! దెయ్యం పట్టిందా?"

"పంట ఏడాదిది, నిజమే. నేను తవ్విన, నేను మోసిన. నాకు గంటసేపు టీవీ కావాలె అత్తా. గంటసేపు."

లోపల నాకూ భయమే. ఆ పసుపు పాడైతే నాకూ కడుపు కాలుతుంది, విత్తనం పెట్టిన చేతులు నావి కూడా. ఆశమ్మ తల వంచుకుని కొమ్ములు ఏరుతూ, చెవులు మాత్రం మా మీదే పెట్టింది. పచ్చివాసన తగ్గుతూ వస్తోంది. ఇంకాస్త. అత్త నన్నూ, కడాయినీ మార్చి మార్చి చూసింది. సంచి విప్పి తాళంచెవి నా ఒళ్ళోకి విసిరింది.

"తీస్కపో! నా కొడుకు రానియ్, చెప్త నీ పని."

అప్పుడే ఘాటు తగిలింది. "దింపుండ్రి" అన్నాను. దింపారు. తాళంచెవి పట్టుకుని పోయాను. మూడో కడాయి మరగడానికి గంట పడుతుంది.

తలుపులు తెరిచేసరికి పోటీ మొదలైపోయింది. ఎవరో నల్లబట్టలవాడు, ఎవరో పొట్టివాడు. పొట్టివాడు రెండుసార్లు చెయ్యి నేలకు ఆనించాడు, అయినా వాడికి మార్కులు బాగానే వేశారు. నాకు కోపమొచ్చింది. "గదేం మార్కులు, కండ్లు దొబ్బినయా?" అని తొమ్మిది మంది పెద్దమనుషులనూ తిట్టాను. మా పిల్లగాడు రాడేమోనని నిలబడ్డాను, కూర్చున్నాను, మళ్ళీ నిలబడ్డాను. వచ్చాడు. ఈసారి తెల్ల చొక్కా. జుట్టు కత్తిరించుకున్నాడు. ముఖం చిక్కింది. గోడ దగ్గర ఆ పంతులమ్మ వాడి రెండు చేతులూ పట్టుకుని ఏదో చెప్పింది, వాడు తలూపాడు.

మొదటి మూడుచుట్లది బాగా దిగాడు. రెండోది దిగుతుంటే కాస్త తూలి సర్దుకున్నాడు. నేను రెండు పిడికిళ్ళూ నోట్లో పెట్టుకున్నాను. పాట నెమ్మదించింది. వాడు పెద్ద చుట్టు చుట్టుకుని, వేగం పెంచుకుని, మెల్లగా ముందుకు తిరిగాడు. గుండెగుభేలు. మానుకో నాయనా, ఈసారికి మానుకో, ఎవరు అడుగుతారు అనుకున్నాను. వాడు మానుకోలేదు. పోయినసారి పడ్డ ఆ ఎగురుడే, కళ్ళు తెరుచుకుని, ముందుకు చూస్తూ లేచాడు. దిగాడు. ఒంటికాలి మీద దిగి, చేతులు రెండూ విప్పి వెనక్కి జారిపోయాడు. నేను ఎగిరి చప్పట్లు కొట్టాను. నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది.

"దిగిండా అక్కా?"

ఆశమ్మ కిటికీ బయట నిలబడి చూస్తోంది, చేతులు మోచేతుల దాకా పసుపు. "దిగిండు! లోపలికి రా" అన్నాను. ఎన్నేళ్ళుగా పనికి వస్తున్నా ఆమె ముందుగదిలోకి ఎప్పుడూ రాలేదు, మా ఇంట్లో రానిచ్చేవారు కాదు, నేనూ ఎప్పుడూ పిలవలేదు. ఆ మాట తట్టి నాకు సిగ్గేసింది. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఇద్దరం కవ్వం చూశాం. మార్కులు అయిదు పాయింటు ఆరు, అయిదు పాయింటు ఏడు. మా వాడు నాలుగోవాడయ్యాడు. ఆశమ్మ మండిపడింది. "గంత మంచిగ చేసినంక నాలుగోదేంది? వాళ్ళ చేతులు పడిపోను!" వాడు మాత్రం ఏడవలేదు. సీసాలో నీళ్ళు గటగటా తాగి, కెమెరా కేసి చెయ్యి ఊపి నవ్వాడు.

మూడో కడాయి వేళకు పోయి వాసన చూసి దింపించాను. నాలుగోది కూడా. ఒక్క కొమ్ము పాడుకాలేదు. ఆ రెండు రోజులూ ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడలేదు, నాకు ఆ నెమ్మది బాగానే ఉంది. తాళంచెవి నా మంగళసూత్రాల పక్కన పిన్నీసుకు తగిలించుకున్నాను. ఎవరూ అడగలేదు.

సోమవారం పొద్దున ధర్మయ్య బ్యాగు సర్దుకుని వచ్చాడు. కొత్త టేపు పెట్టారు. అత్త మాట్లాడింది, తన మోకాళ్ళ నొప్పుల నుంచి మొదలుపెట్టి "గీమె నోరు పెద్దగైంది కొడుకా" దాకా. తుకారాం మాట్లాడాడు. సరిత పరీక్షల సంగతి చెప్పింది. నా వంతు వచ్చింది. ఎప్పటిలాగే నిలబడి మాట్లాడతాననుకున్నారు. నేను స్టూలు ముందు మఠం వేసుకుని కూర్చుని, ఎర్ర బటనూ దాని పక్క బటనూ కలిపి నొక్కాను. ఒక్క క్షణం "నేను మంచిగున్న" అన్న మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చింది కూడా. మింగేశాను.

"సరితోళ్ళ నాయినా, నేను నీలవ్వను మాట్లాడుతున్న. పసుపు మంచిగ ఉడికింది. బర్రె ఇంక ఈనలే. నువ్వు అడిగినవ్ కద, నిజమా కాదా అని. నిజమే. చూసిన. మొన్న శనివారం మల్ల చూసిన. గా పిల్లగాడెవలో నాకెరుక లేదు, పేరు సుత రాదు. కండ్లనిండ చూసిన, కడుపునిండింది. ఇంక కూడ చూస్త. ఇగ ఒక మాట ఇను. మన లగ్గమై పద్నాలుగేండ్లాయె. నిన్ను గట్ల కండ్లనిండ చూడబుద్ధి నాకు ఒక్కనాడు కాలే. ఎందుకు కాలేదో గది నువ్వు జర ఆలోచన చేసి, జవాబు నింపి పంపు."

బటను ఆపాను. ముందు తేరుకున్నది అత్తే.

"చెరుపు గది! తుకారాం, ఎనకకు తిప్పి చెరుపురా! మల్ల మొదటి సంది నింపుదం. ఎనిమిది మంది మొగోళ్ళ నడుమ నా కొడుకు ఇజ్జత్ పోతది!"

తుకారాం చెయ్యి చాపాడు. నేను ముందే మూత తీసి టేపు చేతిలోకి తీసుకున్నాను. టేపు వెనక అంచున రెండు చిన్న పలకలుంటాయి. అవి విరిచేస్తే ఇక దాని మీద ఇంకో మాట ఎక్కదు, చెరపడం కుదరదు. కొన్న పాటల టేపులన్నీ అట్లాగే వస్తాయి. పిన్నీసు మొనతో రెండు పలకలూ విరిచాను. టిక్కు, టిక్కు అన్నాయి. సరిత నన్నే చూస్తోంది, ఈసారి చూపు తిప్పుకోలేదు.

టేపును ధర్మయ్య చేతిలో పెట్టాను. అతను దాన్ని నిప్పులా పట్టుకుని, "చెల్లె, గిది నేనెట్ల ఇయ్యాలె?" అన్నాడు.

"అందరి ముంగట పెట్టకు అన్నా. నా మొగుని ఒక్కని కోసమని నేను చెప్పిన మొదటి ముచ్చట గిది. రూముల ఎవలు లేనప్పుడు ఒక్కడే ఇనమను."